పిల్లలతో చట్రం ఉన్న నల్లబల్ల: మూలలు ఎలా కలపాలి, ఏ కర్ర కొనాలి, ఏ రంగు వేయాలి

టెక్కలి దగ్గర ఉంటున్న మీరు ఈ వేసవి సెలవుల్లో మీ పన్నెండేళ్ల బాబుతోనూ ఎనిమిదేళ్ల పాపతోనూ కలిసి, వసారాలో తగిలించుకోవడానికి చట్రం ఉన్న నల్లబల్ల ఒకటి చేయాలనుకుంటున్నారు. మూలలను 45 డిగ్రీల ఏటవాలుకు కోసి కలపమని మీకు తెలిసిన మేస్త్రి ఒకరు చెప్పారు. పిల్లల చేత అది అవుతుందా, ఏ కర్ర మంచిది, పలకకు ఏ రంగు వాడాలి అన్నవి మీ ప్రశ్నలు. విజయనగరంలో చాలాకాలంగా పిల్లలకు వడ్రంగం నేర్పుతున్నాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు సమాధానం సూటిగా చెప్పాలంటే, ఏటవాలు మూలలు వద్దమ్మా. ఆ మేస్త్రి చెప్పింది తప్పు కాదు. అనుభవం ఉన్న చేతికి అది అందమైన పద్ధతే. కానీ నాలుగు మూలలకు ఎనిమిది కోతలు పడతాయి, ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తేడా వచ్చినా ఎనిమిదీ ఒకే వైపుకు తప్పితే మొత్తం నాలుగు డిగ్రీలవుతుంది, ఆ తేడా అంతా చివరి మూలలో నోరు తెరుచుకొని కనిపిస్తుంది. పైగా ఏటవాలుగా కోసిన చివరలు జిగురును లోపలికి పీల్చేసుకుంటాయి కనుక ఆ అతుకు తక్కిన వాటికంటే బలహీనంగా ఉంటుంది. అన్నిటికంటే నన్ను బాధించేది మరొకటి: రెండు కోతలు తప్పగానే పెద్దవాళ్లు రంపం అందుకుంటారు, పిల్లవాడు పక్కన నిలబడి చూస్తూ ఉండిపోతాడు. పిల్లలతో చేసే పనికి నమూనా ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది, అందులోని ప్రతి కోతా ఆ పిల్లల చేతికి అందుతుందా లేదా అన్నదే. అందం ఆ తరువాతి మాట.

అందుకని నేను రెండు పొరల చట్రం చేయిస్తాను. ఇందులో కోతలన్నీ నిటారు కోతలే, ఉలితో చెక్కవలసిన పని లేదు. ముందు పొరకు రెండు అంగుళాల వెడల్పు బద్దలు, వెనుక పొరకు ఒకటిన్నర అంగుళాల వెడల్పు బద్దలు తీసుకోవాలి. రెండింటి మందమూ చిత్రిక పట్టిన తరువాత అర అంగుళం ఉండాలి. ముందు పొరలో 35 అంగుళాల నిడివి బద్దలు రెండు, వాటి మధ్య ఇమిడేలా 23 అంగుళాలవి రెండు. వెనుక పొరలో దీన్ని తిరగేయాలి: 27 అంగుళాల పొట్టి బద్దలు రెండూ మూల నుంచి మూల దాకా పోతాయి, 32 అంగుళాల పొడుగువి వాటి మధ్య ఇముడుతాయి. ఒక పొరలో అతుకు ఉన్నచోట రెండో పొరలో అతుకు లేని బద్ద వస్తుంది కనుక, ప్రతి మూలలోనూ రెండు బద్దలు ఒకదానిపై ఒకటి విశాలంగా అంటుకుంటాయి. గోడ కట్టేటప్పుడు మేస్త్రి ఇటుకల అతుకులు ఒకదానిమీద ఒకటి రాకుండా తప్పించినట్టే ఇది కూడా.

రెండు పొరల బయటి అంచులు కలిసేలా పెడితే మొత్తం చట్రం 35 అంగుళాల పొడవు, 27 అంగుళాల వెడల్పు వస్తుంది. వెనుక బద్దలు అర అంగుళం సన్నంగా ఉన్నందువల్ల లోపలి వైపు చుట్టూ అర అంగుళం మెట్టు దానంతట అదే ఏర్పడుతుంది, మామూలుగా గాడి తీసి చేయవలసిన పని అలా తప్పిపోతుంది. నల్లబల్ల పలక ఆ మెట్టు మీద కూర్చుంటుంది. వెనుక పొర లోపలి ఖాళీ సరిగ్గా 32 అంగుళాలు, 24 అంగుళాలు. పలకను మాత్రం 31¾, 23¾ అంగుళాలకు కోయించండి. చుట్టూ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఖాళీ మిగలాలి. మన కోస్తా గాలిలో వర్షాకాలం రాగానే కర్ర తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో మళ్లీ తగ్గుతుంది. ఆ కదలికకు చోటు ఇవ్వకపోతే మూలలు విచ్చుకుంటాయి.

ఈ కొలతలను నేను ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. 24, 32 భుజాలుగా ఉన్న దీర్ఘచతురస్రానికి కర్ణం సరిగ్గా 40 అంగుళాలు: 24ను 24తో హెచ్చిస్తే 576, 32ను 32తో హెచ్చిస్తే 1024, రెండూ కలిపితే 1600, అంటే 40ని 40తో హెచ్చించినంత. ఇల్లు కట్టే మేస్త్రులు పునాదికి మూలమట్టం చూడటానికి తాడు మీద మూడు, నాలుగు, ఐదు అడుగులు కొలుస్తారే, ఇవి ఆ అంకెలకే ఎనిమిది రెట్లు, కాకపోతే అంగుళాల్లో. మీ బాబు టేపు పట్టుకొని లోపలి ఖాళీకి ఎదురెదురు మూలల మధ్య దూరాన్ని రెండు వైపులా కొలిచి, రెండూ 40 వచ్చాయని తానే చెప్పాలి. పైథాగరస్ సిద్ధాంతం పాఠ్యపుస్తకంలో కనిపించేనాటికి అది తన చేతితో కొలిచి చూసిన విషయమై ఉంటుంది.

ఇక కర్ర సంగతి. టేకు మంచిదే కానీ పిల్లలు మొదటిసారి కోసి పాడుచేసే ముక్కలకు అంత ఖరీదు అక్కరలేదు, ఖరీదైన కర్ర చేతిలో ఉంటే పెద్దవాళ్లకు ఓపిక కూడా తగ్గుతుంది. నా మొదటి ఎంపిక పనస. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది ఆ కర్రతోనే. ఉలికీ రంపానికీ చక్కగా లొంగుతుంది, ఆరిన తరువాత పెద్దగా మెలితిరగదు, పసుపు వన్నె పిల్లలకు నచ్చుతుంది. మీ వైపు ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, మందస ప్రాంతాల్లో పనస చెట్లు విరివిగా ఉంటాయి కనుక సామిల్లులో అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి తోటలతో పాటు పనస చెట్లు కూడా కూలాయి. అప్పటి కర్ర ఎవరి ఇంట్లోనైనా నీడన పేర్చి మిగిలి ఉంటే అంతకంటే బాగా ఆరినది దొరకదు. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలన్నది వడ్రంగుల పాత లెక్క.

మామిడి చవక, మెత్తన, కానీ పుచ్చు త్వరగా పడుతుంది; కర్ర మీద సన్నటి రంధ్రాలూ, తడితే పిండిలా రాలే పొడీ కనిపిస్తే వదిలేయండి. వేపకు పురుగు భయం తక్కువే కానీ దాని పోగులు అటూ ఇటూ అల్లుకొని ఉండటంతో చిత్రిక పడితే పెచ్చులు లేస్తాయి, ఆ పొడికి పిల్లలు తుమ్ముతారు. తీరం వెంబడి ఎక్కడ చూసినా కనిపించే సరుగుడు గుంజలకు బాగుంటుంది, బద్దలకు పనికిరాదు. అది బరువు, ఆరేటప్పుడు చీలుతుంది. విశాఖ రేవు వైపు నుంచి వచ్చే ప్యాకింగ్ పెట్టెల పైన్ కర్ర కూడా పిల్లలకు చాలా అనుకూలం, అయితే దాని మీద వేసిన ముద్ర చూడాలి: ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, తీసుకోవచ్చు; ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ విషవాయువు పట్టించినది, దాన్ని ఇంటికే తేవద్దు.

పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు వచ్చే తలుపు చెక్కల గురించి ఒక హెచ్చరిక చేయాలి. ఆ టేకు నిజంగా గొప్పది, కానీ దాని మీద పాత రంగు ఉంటే పిల్లల చేత రుద్దించవద్దు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో ఎంత సీసం ఉందో చూసి చెప్పలేము, రుద్దినప్పుడు లేచే పొడి పసివాళ్ల మెదడుకు హాని చేస్తుంది. రంగు లేని పాత చెక్క అయితే సరే, ముందు అయస్కాంతం పెట్టి లోపల విరిగిన మేకులు ఉన్నాయేమో చూసుకోండి.

బద్దలను సామిల్లులోనే నిలువుగా కోయించి, చిత్రిక పట్టించి తెచ్చుకోండి. రెండు అంగుళాల బద్ద పన్నెండు అడుగులు తీసుకుంటే చాలు. ఒకటిన్నర అంగుళాలది పదిహేడు అడుగులు తీసుకోండి. వెనుక పొరతో పాటు చివర్లో చెప్పబోయే అడ్డ బద్దలు రెండూ అందులోనే వస్తాయి, ఒకటి రెండు ముక్కలు పాడైనా సరిపోతుంది. పలకకు ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి. మామూలు ప్లైవుడ్‌కు వర్తించే ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణంలోనే కాస్త తేమను మాత్రమే తట్టుకునే ‘ఎంఆర్’, మరిగే నీటిని కూడా తట్టుకునే ‘బీడబ్ల్యూఆర్’ అని రెండు రకాలు ఉంటాయి. మీది వసారా కనుక షీటు మీద ‘బీడబ్ల్యూఆర్’ అని ఉన్నది అడగండి. మెరైన్ ప్లైవుడ్, అంటే ఐఎస్ 710, దీనికి అవసరం లేదు. ఎండీఎఫ్, అంటే కర్ర పీచును జిగురుతో కలిపి అదిమి చేసిన బోర్డు, నున్నగా ఉంటుంది, రంగు అందంగా పట్టుతుంది, కానీ అంచులో తడి దిగితే ఉబ్బిపోయి మళ్లీ యథాస్థితికి రాదు. ఇంటి లోపలి గదికైతేనే అది. మీ పిల్లల స్నేహితులు కూడా చేస్తామంటే మొత్తం 8×4 అడుగుల షీటు కొనడం లాభం, ఒక షీటులో ఇలాంటి పలకలు సరిగ్గా ఆరు వస్తాయి. ప్రతి కోతకూ మూడు మిల్లీమీటర్ల దాకా పొట్టుగా పోతుందని మాత్రం దుకాణంలో కోసేవారికి ముందే చెప్పండి.

కోతల పని బాబుది. మన వడ్రంగులు నేల మీద కూర్చొని పాదంతో కర్రను అదిమిపట్టి కోస్తారు, అది ఏళ్ల సాధనతో వచ్చే నేర్పు. పిల్లలకు అది నేర్పవద్దు. గట్టి బల్ల మీద, బద్దను రెండు క్లాంపులతో బిగించి, పైన ఇనుప పట్టీ ఉన్న చిన్న రంపంతో నిలబడి కోయాలి. మూలమట్టం ఆనించి పెన్సిల్ గీతను ఒక్క ముఖం మీదే కాక బద్ద చుట్టూ నాలుగు వైపులా గీయించండి, రంపం పక్కకు పోతుంటే పిల్లవాడికే తెలిసిపోతుంది. మొదట రంపాన్ని రెండు మూడు సార్లు వెనక్కి లాగి చిన్న గాటు పడనివ్వాలి, చూపుడు వేలు రంపం పిడి వెంట ముందుకు చాచి ఉంచాలి, నొక్కకూడదు; రంపం తన బరువుతోనే కోస్తుంది. జంట బద్దలు రెండింటినీ పక్కపక్కన బిగించి ఒకేసారి కోయించడం మంచిది. అవి చెప్పిన కొలతకు ఒక నూలు అటూ ఇటూ అయినా పనికి నష్టం లేదు, కానీ రెండూ ఒకదానికొకటి సమానంగా లేకపోతే చట్రం వంకరపోతుంది. ఆ పక్షంలో కర్ణం కూడా 40 రాకపోవచ్చు. రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయా అన్నదే అప్పుడు చూసుకోండి.

ఎనిమిదేళ్ల పాపకు గరుకు కాగితం ఇచ్చి ఊరుకోవద్దు. అది ఆమె పనే, 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220తో ముగించాలి, ఎప్పుడూ పోగుల వెంటే రుద్దాలి. కానీ చేతితో తిప్పే బరమాతో రంధ్రాలు చేయడం కూడా ఆ వయసుకు చక్కగా వస్తుంది, పిల్లలు అన్నిటికంటే ఇష్టపడే పనిముట్టు అదే. కరెంటు పనిముట్లు ఇద్దరికీ వద్దు. కళ్లకు రక్షణ అద్దాలు, చెప్పులకు బదులు బూట్లు, వదులుగా వేలాడని బట్టలు, ఈ మూడింటి విషయంలో మొహమాటం పెట్టుకోవద్దు.

చట్రం కూర్చేటప్పుడు చదునైన నేల మీద పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, ముందు పొర బద్దలను ముఖం కిందికి ఉండేలా అమర్చండి. జిగురు లేకుండానే వెనుక పొరను పైన పేర్చి ఒకసారి కొలతలన్నీ సరిచూసుకోవాలి. ఆ తరువాత ఫెవికాల్‌ను పలుచగా రెండు ముఖాలకూ పూసి, ఒక్క మూలకు మాత్రం ముప్పావు అంగుళం స్క్రూలు రెండు వెనుక నుంచి బిగించండి. రెండు పొరలూ కలిపి అంగుళం మందమే కనుక అంతకంటే పొడుగువి వాడితే ముందు వైపు మొన తేలుతుంది. స్క్రూకు ముందే బరమాతో సన్నటి రంధ్రం చేయకపోతే బద్ద చివర చీలుతుంది. ఎంత లోతు దిగాలో తెలియడానికి బరమా పుల్లకు రంగు టేపు ముక్క చుట్టి గుర్తు పెట్టండి. ఒక మూల అయ్యాక రెండు కర్ణాలూ కొలవండి. ఏది ఎక్కువ వస్తే ఆ రెండు మూలలను మెల్లగా లోపలికి నెడితే సమానమవుతాయి, అప్పుడు మిగిలిన మూడు మూలలూ బిగించండి. మూలల మధ్య భాగంలో క్లాంపులు గానీ, కాగితం చుట్టిన ఇటుకలు గానీ పెట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుప స్క్రూలు తుప్పుపట్టి కర్ర మీద నల్లటి మరక తెస్తాయి, ఇత్తడివి లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి కొంటే ఆ బాధ లేదు.

ఇప్పుడు రంగు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. మామూలు నల్ల ఎనామిల్ వేస్తే పలక మెరుస్తుంది, సుద్దముక్క జారిపోతుంది. సుద్ద అరిగి పొడి రాలాలంటే పలక మీద కంటికి కనిపించని సన్నటి గరుకుదనం ఉండాలి, నల్లబల్లల కోసం అమ్మే రంగులో అందుకే మెత్తటి ఖనిజపు పొడి కలుపుతారు. రంగుల దుకాణంలో ‘బ్లాక్‌బోర్డ్ పెయింట్’ అని అడగండి. నీళ్లతో పలుచన చేసేది దొరికితే పిల్లలకు అదే మేలు, తిన్నర్ వాసన ఉండదు. డబ్బా మీద సీసం పరిమితి రాసి ఉందో లేదో చూసి కొనండి.

ప్లైవుడ్‌ను 180 నంబరు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో పొడి తుడిచి, గుంటలున్నచోట పలుచగా లప్పం పట్టించండి. అది ఆరాక మళ్లీ రుద్ది వుడ్ ప్రైమర్ వేయాలి. ప్రైమర్‌ను వెనుక ముఖానికీ, నాలుగు అంచులకూ కూడా వేయడం మరవకండి: ఒక్క వైపే రంగు ఉన్న సన్నటి ప్లైవుడ్ రెండో వైపు నుంచి మాత్రమే తేమ పీల్చుకొని వర్షాకాలంలో విల్లులా వంగుతుంది. ప్రైమర్ ఆరాక రంగు పూత. దళసరిగా ఒక్క పూత కంటే పలుచగా మూడు పూతలు ఎప్పుడూ మంచివి. స్పాంజి రోలరుతో మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది మళ్లీ అడ్డంగా వేయించండి; పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత సమయం ఆగి, 320 నంబరు కాగితంతో అతి తేలికగా నిమిరినట్టు రుద్దాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఆ సమయానికి సగం కలుపుకోండి. వాన రోజున ఈ పని పెట్టుకోనే వద్దు.

చివరి పూత తరువాత మూడు రోజులు పలకను ముట్టుకోనివ్వకూడదు. పిల్లలకు ఇది కష్టమైన భాగం, ఆ రోజులకు చట్రం పని మిగిల్చి ఉంచండి. నాలుగో రోజున, ఏమీ రాయక ముందే, సుద్దముక్కను పడుకోబెట్టి పలక అంతటా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రుద్ది, పొడి గుడ్డతో తుడిచేయాలి. కొత్త రంగులోని సన్నటి రంధ్రాలు సుద్దపొడితో సమంగా నిండుతాయి. ఇది చేయకుండా రాస్తే మొదటి రోజు రాసిన అక్షరాల నీడ ఎంత తుడిచినా పలక మీద ఉండిపోతుంది.

మన ఊళ్ల బడుల్లో పూర్వం బొగ్గును ఆకు పసరుతో నూరి బల్లకు పూసేవారు. అది నీటికి కరిగిపోతుంది కనుక మాటిమాటికీ పూయవలసి వచ్చేది. మిగిలిన ప్లైవుడ్ ముక్క మీద మీ పిల్లలు దాన్ని ఒకసారి ప్రయత్నించి, దుకాణం రంగుతో పోల్చి చూస్తే బాగుంటుందని నా కోరిక.

చట్రానికి రంగు కంటే లక్క పాలిషు నాకు ఇష్టం, పనస వన్నె దాని కింద తేనె రంగులోకి తిరుగుతుంది. అందులో స్పిరిట్ ఉంటుంది, పొయ్యికి దూరంగా ఆరుబయట, పెద్దవాళ్లే పూయాలి. లిన్సీడ్ నూనె, అంటే అవిసె నూనె, పూస్తే మాత్రం ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవి ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకోగలవు. విప్పి దండెం మీద ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి.

పలకను చట్రానికి జిగురుతో అంటించవద్దు. ముందు వైపు నుంచి చూస్తే అది మెట్టు మీద ఆని ఉంటుంది. వెనుక వైపు దాని మీద ఆరు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అదే ప్లైవుడ్ నుంచి సన్నటి ముక్కలు కోసి ఆ ఖాళీలో పరిచి, వాటి మీదుగా 27 అంగుళాల అడ్డ బద్దలు రెండింటిని చట్రం వెనుకకు స్క్రూలతో బిగించండి. ఆ బద్దలు పలకను కదలకుండా పట్టి ఉంచుతాయి, రాసేటప్పుడు డప్పులా మోగనివ్వవు, బల్లను గోడకు అర అంగుళం ఎడంగా నిలిపి వెనుక గాలి ఆడనిస్తాయి. రెండు మూడేళ్లకు పలక నున్నబడి సుద్ద పట్టనప్పుడు నాలుగు స్క్రూలు విప్పి, పలక ఒక్కటే బయటికి తీసి, రుద్ది, కొత్త పూత వేసుకోవచ్చు. చట్రం మీద చుక్క రంగు పడదు.

మొత్తం బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. ఇటుక గోడకైతే ప్లగ్గులు దించి రెండు స్క్రూల మీద తగిలించండి, మట్టిగోడకైతే దూలం నుంచి తాడుతో వేలాడదీయండి. ఎత్తు మీ పాపను చూసి నిర్ణయించాలి: బల్ల కింది అంచు ఆమె నడుము దగ్గర ఉంటే పై అంచు దాకా చేయి అందుతుంది, బాబు కాస్త వంగి రాసుకుంటాడు. ఎవరికైనా ఉబ్బసం ఉంటే పొడి గుడ్డ బదులు బాగా పిండిన తడిగుడ్డతో తుడవమనండి.